నల్లేరుకు పరీక్ష పెడదాం

మొక్కను కొలిచి వాడడం ఎలాగో శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గాడాబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండేస్తారు. పాలు చాలకపోతే కసిమి గీత పక్కకు పాకుతుంది. కరక్కాయ తగ్గితే నలుపు నిలవదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు బెల్లం నీళ్లలో ఊరి కసిమిగా మారడానికి వారాలు పడుతుంది, తొందరపడితే గీత పలచబడుతుంది. పటిక లేనిదే ఎరుపు పట్టదు. ఇందులో ఏ కొలత తప్పినా ఆ తప్పు బట్టమీదే కనబడుతుంది, గీసిన పూటో, ఏటినీళ్లలో జాడించిన రోజో. తప్పు వెంటనే కంటికి కనబడే పనిలో తరాల అనుభవం నిజంగా గురువవుతుంది.

ఎముకకు బలమని మనం తినే నల్లేరు విషయంలో అనుభవానికి ఆ శక్తి లేదు. నలభై ఆరేళ్లకు ముట్లు ఆగిన ఒకామె పదేళ్లపాటు నల్లేరు పచ్చడి తిన్నదనుకుందాం. ఎముకేదీ విరగలేదు. అది నల్లేరు చలవా, పొలం పనిలో గట్టిపడిన ఒళ్లా, లేక ఆమె జారిపడకపోవడమా? ఆమె పక్కింటావిడా అదే పచ్చడి తిన్నది, అరవై రెండేళ్లకు బాత్రూమ్‌లో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడు నల్లేరును ఎవరూ తప్పుపట్టరు, వయసైంది కదా అంటారు. విరగని ఎముక మొక్క ఖాతాలో పడుతుంది, విరిగిన ఎముక వయసు ఖాతాలో పడుతుంది. లెక్క ఇలా రాస్తూ పోతే వెయ్యేళ్లయినా నల్లేరు మంచి మందో కాదో తేలదు.

ఇక్కడి ఆడవాళ్లకు నల్లేరు కొత్త కాదు. కంచెల మీద, రాతిగట్ల మీద ఆకులు పెద్దగా లేకుండా పాకే నాలుగు పలకల కాడ అది. లేత కణుపులు విరిచి, అంచుల నార తీసి, నూనెలో బాగా మగ్గబెట్టి చింతపండుతో నూరతారు. సంస్కృత వైద్య గ్రంథాల్లో దీని పేరు అస్థిసంహారక, అంటే విరిగిన ఎముకను కలిపేది. పిరండై పేరుతో తమిళులు తొగయల్ చేసుకుంటారు, అప్పడాల్లో కలుపుతారు. యానాదులు, ఇతర గిరిజనులు వాడే ఇలాంటి మొక్కల పరిజ్ఞానాన్ని తిరుపతిలోని హెర్బల్ ఫోక్‌లోర్ రీసెర్చ్ సెంటర్ 1997లో చిత్తూరు జిల్లా గిరిజన వైద్యం మీద వేసిన పుస్తకంలో గుదిగుచ్చింది. అంటే రాసిపెట్టే పని ఎంతో కొంత జరిగింది. మిగిలింది తేల్చే పని.

అసలు ముట్లు ఆగాక ఎముకకు ఏమవుతుంది? మన ఎముక రాయి కాదు. పాత ఎముకను తినే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు ఒళ్లంతా ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. తినే కణాలకు కళ్లెం వేసేది ఈస్ట్రోజెన్. అది తగ్గగానే తినడం కట్టడాన్ని దాటిపోతుంది. అమెరికాలో ఆడవాళ్లను ఏళ్లతరబడి వెంబడించి చూసిన స్వాన్ అధ్యయనం ప్రకారం, చివరి ముట్టుకు ఏడాది ముందు మొదలై ఆ తర్వాత రెండేళ్లదాకా ఎముక అన్నిటికంటే వేగంగా తరుగుతుంది, ఆపైన కాస్త నెమ్మదిస్తుంది. ఆ కాలంలో నొప్పి ఉండదు, ఏ గుర్తూ ఉండదు. విరిగేవి ముందు మణికట్టు, తర్వాత వెన్నుపూస, చివరికి తుంటి. చాలామందికి జబ్బు సంగతి తెలిసేది మొదటి ఎముక విరిగినప్పుడే. నెమ్మదిగా గూని వచ్చి, ఎత్తు తగ్గి, చీర కుచ్చిళ్లు నేలను తాకుతుంటే కూడా ముసలితనమనే అనుకుంటారు. వెన్నుపూస చప్పుడు లేకుండా నలిగిపోయిందని ఎవరికీ తోచదు.

నల్లేరు మీద ఆధునిక పరిశోధన మన దేశంలోనే మొదలైంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ 1960ల మొదట్లో ఎలుకల ఎముకలు విరిచి, నల్లేరు సారం ఇచ్చినవీ ఇవ్వనివీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇచ్చినవాటికి ఎముక తొందరగా అతికింది. 2003లో మణిపాల్ పరిశోధకులు అండాశయాలు తీసేసిన ఎలుకలకు నల్లేరు సారం ఇచ్చి, ఎముక తరుగుదల తగ్గిందని రాశారు. అండాశయాలు తీసిన ఎలుక ముట్లాగిన ఆడమనిషి ఎముకకు నమూనా కాబట్టి మనకు కావలసిన ప్రశ్నకు ఈ రెండో ప్రయోగమే దగ్గర. థాయ్‌లాండ్‌లో ఒక అడుగు ముందుకు వేసి, ముట్లాగి ఎముకలు పలచబడుతున్న ఆడవాళ్లకే నల్లేరు మాత్రలు 24 వారాలు ఇచ్చి, కొందరికి అచ్చం అలాగే కనబడే ఉత్త మాత్రలు ఇచ్చి పోల్చారు. ఎముక అరుగుదలను సూచించే రక్తపరీక్షల్లో నల్లేరు వాడినవాళ్లకు తరుగు వేగం తగ్గినట్టు తేలింది. ఎముక సాంద్రతలో మాత్రం తేడా రాలేదు. ఆరు నెలలు ఎముక మారడానికి చాలా తక్కువ కాలం. ఆశ పెట్టుకోవడానికి ఈ ఫలితం చాలు, అభయమివ్వడానికి చాలదు.

ఇక్కడే హాంకాంగ్ నుంచి నేర్చుకోవలసింది ఉంది.

చైనా సంప్రదాయ వైద్యంలో ఎముకకు బలమని శతాబ్దాలుగా వాడే మొక్క ఎపిమీడియం. మనకు నల్లేరు మీద ఎంత నమ్మకమో వాళ్లకు దానిమీద అంత. హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ నమ్మకాన్ని పొగడలేదు, కొట్టిపారేయలేదు. దానికి పరీక్ష పెట్టారు. ముట్లాగి చాలా ఏళ్లయిన వందమంది ఆడవాళ్లను రెండు జట్లుగా చీటీలు వేసినట్టు విడదీశారు. ఒక జట్టుకు రోజూ ఎపిమీడియం నుంచి తీసిన ఫ్లేవనాయిడ్ల సారం. ఇంతని కచ్చితమైన కొలతతో: ఐకారిన్ 60 మిల్లీగ్రాములు, డైడ్జీన్ 15, జెనిస్టీన్ 3. రెండో జట్టుకు ఉత్త మాత్ర. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. ఇది రెండేళ్లు సాగింది. 2007లో ఫలితం ప్రచురించారు. ఉత్త మాత్ర జట్టుకు నడుము వెన్నుపూసల సాంద్రత 2.4 శాతం, తుంటి మెడభాగంలో 1.8 శాతం పడిపోయింది. మొక్క సారం తిన్నవాళ్లకు పడిపోలేదు సరికదా, వెన్నులో 1.3, తుంటి దగ్గర 1.6 శాతం పెరిగింది. ఈస్ట్రోజెన్‌లా పనిచేసే మొక్కలతో గర్భసంచి లోపలి పొర మందమవుతుందన్న భయం ఉంటుంది కాబట్టి దాన్నీ కొలిచారు. మందం కాలేదు.

ఈ అంకెల్లో మత్తు ఉంది. నేను దాని జోలికి పోను. వందమంది, రెండేళ్లు అంటే ఎముకలు విరగడం తగ్గిందని చెప్పడానికి సరిపోని లెక్క. ఎంతమందికి తుంటి విరగకుండా ఆపిందో తెలియాలంటే వేలమంది కావాలి. సోయా సంగతి చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. ఇటలీలో 2007లో జెనిస్టీన్ ఇచ్చిన 389 మంది పరీక్షలో ఎముక సాంద్రత పెరిగింది. అమెరికాలో మయామీలో 248 మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లు రెండేళ్లు ఇచ్చి చూస్తే, 2011లో వచ్చిన ఫలితం ప్రకారం ఎముక తరుగుదల ఏమాత్రం ఆగలేదు. ఒక్క పరీక్షతో సంబరం, ఒక్క పరీక్షతో తీర్పు రెండూ చేటే.

ఆ హాంకాంగ్ పరీక్షలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపి ఆలోచింపజేసిన వివరం చిన్నది. రెండు జట్లకూ, అంటే మందు తిన్నవాళ్లకూ ఉత్త మాత్ర మింగినవాళ్లకూ, రోజూ 300 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చారు. మొక్క పని చేస్తుందా లేదా అన్నది కాల్షియం అందాకే అడగవలసిన ప్రశ్న అని వాళ్లు ఎంచారు. ఇటుకలు లేకుండా మేస్త్రీని పిలవలేదు. మన అంగడిలో ఎముకల బలానికని అమ్మే పొడి డబ్బా మీద ఈ మాట ఉండదు. అది కొన్న ఆమె పొద్దున ఏం తిన్నదో ఎవరూ అడగరు.

చైనా నుంచి వచ్చిన రెండో పాఠం చేదుది. అదే ఎపిమీడియాన్ని మరో అయిదు మూలికలతో కలిపి చేసిన షియాన్‌లింగ్ గుబావో అనే మందును అక్కడ ఎముకల గుల్లతనానికి విరివిగా వాడేవారు. వాడకం పెరిగేకొద్దీ కామెర్లు, కాలేయం దెబ్బతినడం వంటి ఫిర్యాదులు ఆసుపత్రుల నుంచి చేరాయి. 2016 డిసెంబరులో చైనా ఔషధ నియంత్రణ సంస్థ దేశమంతటికీ హెచ్చరిక విడుదల చేసింది: ఈ మందుతో కాలేయానికి ప్రమాదముంది, కాలేయ జబ్బున్నవాళ్లు వాడకూడదు, వాడేవాళ్లు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. తమ సొంత వైద్యం, తమ గర్వమైన మొక్క అని వెనుకంజ వేయలేదు. ఆ ఆరు మూలికల్లో కాలేయానికి చేటు చేస్తుందని పరిశోధకులు ఎక్కువగా అనుమానించిన వాటిలో బావంచాలు ఉన్నాయి. మన పచారీ అంగళ్లలో బొల్లి మచ్చలకని అడిగితే పొట్లం కట్టి ఇచ్చే బావంచాలే అవి. మొక్క మందు కాబట్టి హాని లేదన్న మాట ఎంత ప్రమాదమో చెప్పడానికి సముద్రం అవతలికి వెళ్లనక్కరలేదు, కానీ దాన్ని ఒప్పుకుని చాటింపు వేసే ధైర్యం చూడడానికి వెళ్లక తప్పడం లేదు.

ఎందుకంటే మన దగ్గర జరిగింది వేరు. కొవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తికని ఊరూరా తిప్పతీగ కషాయం తాగారు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. ఆ రోగులు తిన్నది తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో తీగా అన్నది తేల్చలేదని, ఆ పత్రం తప్పుదోవ పట్టిస్తోందని ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రకటించింది. ఏ తీగ తిన్నారన్న ప్రశ్న న్యాయమైనదే. తర్వాతి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి 43 మంది రోగుల వివరాలతో మరో పత్రం తెచ్చాయి. తిప్పతీగను తప్పుపట్టడానికి నేనిది చెప్పడం లేదు. హాని గురించి మాట వచ్చినప్పుడు మన మొదటి కదలిక మొక్క పరువు కాపాడేవైపు సాగింది. మింగిన మనిషి వైపు సాగవలసింది. 2018 నుంచి ఆయుష్ మందుల దుష్ఫలితాలను నమోదుచేసే జాతీయ ఏర్పాటు మనకూ ఉంది. దాని సంగతి తెలిసిన ఆయుర్వేద వైద్యుడో, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తో మన ఊళ్లో ఎంతమంది ఉన్నారు? ముందు వాళ్లకు చెప్పాలి.

పేరూ ఊరూ లేని పొడుల గురించి ఒక్క మాట. మోకాళ్ల నొప్పి, నడుం నొప్పి రెండు రోజుల్లో మాయం చేసే మూలికా మాత్రలు సంతల్లో, బస్టాండ్ల దగ్గర దొరుకుతాయి. అంత తొందరగా పనిచేసేవాటిలో స్టెరాయిడ్ కలిపిన సంఘటనలు మన దేశ వైద్యులు నమోదు చేశారు. స్టెరాయిడ్ నెలల తరబడి ఒంట్లోకి పోతే ఎముకను గుల్లచేస్తుంది. ఎముక కోసం కొన్నది ఎముకనే తింటుంది. ఇలాంటి పొడి తెచ్చుకున్న అత్తకో, అవ్వకో దయచేసి ఈ సంగతి చెప్పండి. ఎక్కువ రోజులుగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరుకు చూపించి తగ్గించుకోవాలి.

ఇప్పుడు ఇటుకల సంగతికి, అంటే కాల్షియం, విటమిన్ డిల సంగతికి వద్దాం. మన జిల్లా ఆడవాళ్ల ఎముకల గురించి మనకు గాలిమాటలతో పని లేదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఈ ప్రాంతపు మనుషుల రక్తం, తిండి కొలిచి ప్రపంచ పత్రికల్లో ప్రచురించింది. 2005లో వచ్చిన పత్రంలో ముట్లాగిన 164 మందిని చూస్తే, 30 శాతం మందికి విటమిన్ డి తీవ్రంగా తక్కువ, 52 శాతం మందికి చాలీచాలకుండా ఉంది, సరిపడా ఉన్నది 18 శాతం మందికే. ఎండకు కొదవలేని ఊళ్లో! 2007లో వచ్చిన మరో పత్రం పల్లెనూ పట్నాన్నీ పక్కపక్కన పెట్టింది. పొలంలో పనిచేసే పల్లెవాళ్లకు విటమిన్ డి పట్నవాళ్లకంటే మేలు. కాల్షియం మాత్రం ఇద్దరికీ తక్కువ. అప్పట్లో జాతీయ ప్రమాణమే రోజుకు 400 మిల్లీగ్రాములు, అదీ చేరలేదు. 2020 నాటి కొత్త ప్రమాణం ప్రకారం ముట్లాగిన ఆడవాళ్లకు కావలసింది 1200. అదే బృందం తిరుపతి ఎండ ఏ గంటలో చర్మంలో విటమిన్ డి తయారుచేస్తుందో కూడా పరీక్షించింది. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అని తేలింది. మనమేమో ఆ వేళ తలుపులేసుకుని కూర్చుంటాం, లేత ఎండలో నిలబడితే చాలనుకుంటాం. రేణిగుంట ఏప్రిల్, మే ఎండలో ఎవరినీ నిలబడమనను. కానీ కార్తీకం నుంచి మాఘం దాకా ఆ వేళ కాసేపు చేతులకు, ముఖానికి, వీపుకు ఎండ తగిలేలా పెరట్లో పని పెట్టుకోవడం ఖర్చులేని పని.

తిండి దగ్గర మన నష్టం మనమే కొని తెచ్చుకున్నాం. రాయలసీమ కంచంలో రాగిసంగటి ఉండేది. వందగ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూ కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పదో వంతు కూడా ఉండదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. కానీ సంగటి ముద్ద పక్కకు జరిగి వరన్నం మూడుపూటలా కూర్చుంది. రాగుల్లో ఫైటేట్ ఉంటుంది, అది కాల్షియంను కొంత పట్టి ఉంచుతుంది. మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. అవ్వలు రాత్రి అంబలి పులవబెట్టి పొద్దున మజ్జిగ కలిపి తాగడంలో ఈ మేలంతా ఇమిడి ఉంది. కాల్షియంకు అవిశాకు, మునగాకు, పొన్నగంటాకు, నువ్వులు మంచివి. తోటకూర, పాలకూరల్లో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ పట్టేస్తుంది. నల్లేరు దగ్గరా ఇదే చిక్కు. నోరు దురద పెట్టేది కాల్షియం ఆక్సలేట్ సూదుల వల్లే. నల్లేరులో కాల్షియం బోలెడని డబ్బాల మీద రాసేవాళ్లు ఆ కాల్షియంలో పేగు పీల్చుకునేది ఎంతో రాయరు. నల్లేరు ఎముకకు మేలు చేస్తే అది వేరే గుణం వల్ల కావాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దాన్ని రోజూ తినకపోవడమే క్షేమం.

పాల సంగతి చెబితే మనసు బాధపడుతుంది. చిత్తూరు పాలకు పేరుమోసిన సీమ. శ్రీకాళహస్తి, తొట్టంబేడు, ఏర్పేడు పల్లెల్లో పొద్దునా సాయంత్రమూ గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది ఆడవాళ్లే. క్యాను నిండా పాలు పాలకేంద్రానికి పోతాయి. వెన్న శాతం చూసి పుస్తకంలో రాసుకుంటారు. ఇంట్లో మిగిలిన గ్లాసుడు పిల్లలకు, మగవాళ్లకు. ఆమెకు దక్కేది కాఫీ తెల్లబడేంత. అరవై దాటాక ఆమె వీపు వంగుతుంది.

ఆమెకూ పాలు, పెరుగు అందితే ఎముక విరగడం తగ్గుతుందా? ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష సరిగ్గా ఇదే ప్రశ్న అడిగింది. విక్టోరియా రాష్ట్రంలో 60 వృద్ధాశ్రమాలు, 7195 మంది, సగటు వయసు 86, ఎక్కువమంది ఆడవాళ్లు. సాండ్రా యులియానో బృందం సగం ఆశ్రమాల్లో వంటగదినే మార్చింది. పాలు, పెరుగు, చీజ్ పెంచి రోజువారీ కాల్షియంను 700 నుంచి 1142 మిల్లీగ్రాములకు చేర్చింది, మాంసకృత్తులూ పెరిగాయి. మిగతా సగంలో మామూలు భోజనమే. రెండేళ్లు చూశారు. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వచ్చింది: ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం, కిందపడడమే 11 శాతం తగ్గాయి. వాళ్లకు విటమిన్ డి మాత్రం సరిపడా ఉంది, మనవాళ్లకు లేదు. అందుకే పెరుగుతోపాటు ఎండ గురించీ చెబుతున్నాను. ఇంత పెద్ద ఫలితం ఇప్పటిదాకా ఏ మూలికా చూపలేదు. పాలకేంద్రం నుంచి డబ్బులు తెచ్చుకునే అక్క, ముందు తన గ్లాసుడు పాలో, గిన్నెడు పెరుగో పక్కన పెట్టుకుని మిగతాది క్యానులో పోయాలి. ఇంట్లో మగవాళ్లు ఈ మాట పైకి అనాలి. ఆమె తనంతట తాను అడగదు.

హాంకాంగ్‌కు, ఆస్ట్రేలియాకు లేని ఇక్కట్టు ఒకటి మనకుంది. వాళ్లు ఎముకల గురించి యాభై దాటినవాళ్లతో మాట్లాడితే సరిపోతుంది. మనం ముప్పై అయిదేళ్లవాళ్లతో మొదలుపెట్టాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతం. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలోనే అందరికంటే ఎక్కువ. అంటే పదకొండు మందిలో ఒకరు. తెల్లబట్ట అనో, రక్తస్రావం అనో, పిల్లలు పుట్టారు కదా ఇంకెందుకనో జరిగిన ఆపరేషన్లు వీటిలో ఎన్నో. గర్భసంచితోపాటు అండాశయాలు తీసేస్తే ఆ వారం నుంచే ఈస్ట్రోజెన్ పడిపోతుంది. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందే అలసిపోవచ్చు. ముప్పై అయిదేళ్లకే ఎముక తరగడం మొదలైన కూలి ఆడమనిషికి ఆ సంగతి డిశ్చార్జి కాగితంలో ఎవరూ రాసివ్వరు. అండాశయాలు తీశారో ఉంచారో కూడా చాలామందికి తెలియదు. మీ ఇంట్లో అలా ఆపరేషన్ అయినవాళ్లుంటే ఆ కాగితం వెతికి డాక్టరును అడగండి. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకు మామూలు ముట్లాగే వయసుదాకా హార్మోన్ చికిత్స అవసరమా అన్నది డాక్టరుతో తప్పక మాట్లాడవలసిన విషయం. ఏ కషాయమూ ఆ లోటు పూడ్చినట్టు రుజువు లేదు.

విరిగాక ఏం చేయాలన్నది మరో మాట. మన పక్కనే, తిరుపతి నుంచి చెన్నై పోయే దారిలో, పుత్తూరు ఉంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టుకోసం రెండు మూడు రాష్ట్రాల నుంచి జనం వస్తారు. మణికట్టు, ముంజేయి విరుగుళ్లకు దాన్ని నమ్మేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ నమ్మకాన్ని నేను తేలిక చేయను. కానీ అరవై దాటిన ఆడమనిషికి తుంటి విరిగితే కట్టు పనికిరాదు. కట్టుతో నెలల తరబడి మంచాన పడితే పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, చాలామంది ఆ మంచం మీంచి లేవరు. తుంటి విరిగితే వీలైనంత తొందరగా ఆపరేషన్ చేసి నిలబెట్టాలి. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఎముకలకోసమే ఉంది. ఒకసారి చిన్న దెబ్బకే ఎముక విరిగినామెకు రెండోది విరిగే ముప్పు ఎక్కువ. ఆమెకు వారానికో మాత్రగా ఇచ్చే అలెండ్రోనేట్ లాంటి మందులు వెన్నుపూస విరుగుళ్లను సగానికి తగ్గిస్తాయని 1996లోనే తేలింది. అవి ఖరీదైనవీ కావు. నల్లేరు తింటున్నాం కదా అని ఆ మాత్ర వాయిదా వేయకూడదు.

ఇంతా చెప్పి నల్లేరును వదిలేద్దామంటానా? అనను. ఆరు దశాబ్దాల కిందట బనారస్‌లో మొదలైన ప్రశ్నకు జవాబు చెప్పగల చోటు ప్రపంచంలో ఏదైనా ఉంటే అది తిరుపతి చుట్టుపక్కలే. నల్లేరు మన కంచెల మీదే పెరుగుతుంది, దాన్ని వండడం వచ్చినవాళ్లు ఉన్నారు. 1983 నుంచి టీటీడీ నడుపుతున్న శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఉంది. విటమిన్ డి మీద ప్రపంచానికి అంకెలిచ్చిన స్విమ్స్ ఉంది. ఎముక సాంద్రత స్కాన్ చేయగల ఆసుపత్రులున్నాయి. వీళ్లు ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు.

నల్లేరుకు పెట్టే పరీక్ష ఎలా ఉండాలో హాంకాంగ్ చూపింది. శ్రీకాళహస్తి, రేణిగుంట, ఏర్పేడు మండలాల నుంచి ముట్లాగిన ఆడవాళ్లను తీసుకోవాలి, గర్భసంచి ఆపరేషనైనవాళ్లను విడిగా ఒక జట్టుగా చేర్చుకోవాలి. అందరికీ మొదట విటమిన్ డి లోటు తీర్చాలి, రోజూ గ్లాసుడు పాలో, కాల్షియం మాత్రో అందరికీ ఇవ్వాలి. తర్వాత చీటీల పద్ధతిలో సగం మందికి ఒకే తోటలో పెంచి, ఒకే తీరున ఎండబెట్టి పొడిచేసిన నల్లేరు, సగం మందికి అదే రంగు, అదే వాసన ఉండే ఉత్త మాత్ర. పొడిలో సీసం, పాదరసం లేవని ముందే పరీక్షించాలి. మూడు నెలలకోసారి కాలేయ పరీక్ష చేసి, ఎవరికి తేడా వచ్చినా మాత్ర ఆపి, ఆ సంగతి ఆయుష్ నమోదు కేంద్రానికి పంపాలి. కనీసం రెండేళ్లు, వీలైతే మూడేళ్లు సాగాలి. ఎముక సాంద్రత కొలిచేవాళ్లకు ఎవరు ఏ జట్టో తెలియకూడదు. ఫలితం నల్లేరుకు అనుకూలమైనా వ్యతిరేకమైనా తెలుగులో అచ్చువేసి, పరీక్షలో చేరిన ప్రతి ఆడమనిషి చేతికీ, మూడు మండలాల్లోని ప్రతి ఆరోగ్య ఉపకేంద్రానికీ, పాలకేంద్రానికీ పంపాలి.